బాపు చదవగలిగిన ఒకే ఒక్క కాగితం

కోరుట్లలో మా బాపును అందరూ చీనా డాక్టరు అనేవాళ్ళు. ఆయన డాక్టరూ కాదు, చీనా ఎట్లా ఉంటుందో చూసినవాడూ కాదు. వాళ్ళ నాన్న హూపే అనే చోటి నుంచి, పళ్ళు పీకుతూ, కట్టుడు పళ్ళు కడుతూ, ఊరూరా తిరిగి కలకత్తా చేరాడట. బాపు అక్కడే పుట్టాడు. ఆ పనే నేర్చుకుని హైదరాబాదు వచ్చి, అక్కడా కుదరక, కోరుట్లలో బస్టాండు పక్కన ఒక మడిగె కిరాయికి తీసుకున్నాడు. ఉర్దూ బ్రహ్మాండంగా మాట్లాడేవాడు. తెలుగులో బేరమాడితే కూరగాయలామె కూడా ఓడిపోయేది. అయినా సర్కారు కాగితాల్లో ఆయన చైనా దేశస్థుడే. చైనాతో యుద్ధం అయినప్పటి నుంచి, ఊరు దాటాలంటే ఠాణాకు వెళ్ళి చెప్పి, దస్కతు చేసి పోవాలి. సిరిసిల్లలో అత్తగారింటికి పోవాలన్నా అంతే. ఎట్లాగూ అత్తగారు గడప తొక్కనివ్వరు కాబట్టి ఆ తిప్పలు తప్పాయని బాపు నవ్వేవాడు.

నన్ను కన్న అవ్వది సిరిసిల్లలో మగ్గాల ఇల్లు. కోరుట్లకు చుట్టాలింటికి వచ్చి, పన్ను నొప్పి అని బాపు దగ్గరికి పోయింది. పన్ను పీకించుకోబోయి మొగుణ్ణి తెచ్చుకుందని వాళ్ళ వాడంతా వెక్కిరించింది. వాళ్ళన్నలు మాత్రం వెక్కిరించలేదు, మాట్లాడడమే మానేశారు.

మా ఇంట్లో చీనా అంటే గోడకు అంటించిన ఒక ఎర్ర కాగితం. దాని మీద నల్ల సిరాతో, పైనుంచి కిందికి, తొమ్మిది తరాల పెద్దల పేర్లు. బాపు వాళ్ళ నాన్న స్వయంగా రాసింది, చివరన తన పేరుతో సహా. ఆయన పోయేనాటికి బాపుకు పదకొండేళ్ళు. బడికి పంపలేదు గానీ, ఆ పేర్లు మాత్రం వేలు పెట్టి చదివించాడట. చీనా అక్షరాల్లో బాపుకు వచ్చినవి అవే. పుష్య అమావాస్య నాడు కోడిని ముక్కలు కొట్టకుండా ఉడికించి, మూడు కప్పుల చాయ పోసి, ఊదుబత్తీలు ముట్టించి, ఆ పేర్లన్నీ గట్టిగా చదివేవాడు.

"మీ చీనోళ్ళ పెత్రమాస గిదేనా? చాయతోని పెద్దమనుషులు ఊకుంటరా?" అని అవ్వ, చనిపోయిన పెద్దలకు వాళ్ళింట్లో పోసినట్టే, పక్కన ఇంత కల్లు సాక పోసేది. బాపు వద్దనేవాడు కాదు.

అవి అన్నల కాలం. పల్లెల్లో దళాలు తిరుగుతుండేవి, పట్నాల్లో పోలీసులు తిరుగుతుండేవారు. తెల్లారి లేస్తే గోడల మీద చైనాను పొగుడుతూ ఎర్ర రాతలు. బాపు ఎన్నడూ చూడని దేశం మా సందు మొగలోనే గోడెక్కి కూర్చుంది. బళ్ళో నన్ను చప్పిడిముక్కుదానా అని పిలవడం నాకు అలవాటే. ఇప్పుడు వాళ్ళు అది కూడా మానేసి నా పక్కనుంచి లేచి వేరే బల్ల మీద కూర్చున్నారు. అదే ఎక్కువ ఏడిపించింది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా సిరిసిల్లలో అమ్మమ్మకు చేతకావడం లేదని కబురొచ్చింది. ఇన్నేళ్ళకు పిలిచారని అవ్వ ఉన్న చీరతోనే బస్సెక్కింది. ఆ మర్నాడు మధ్యాహ్నం, బాపు మడిగె పక్కన బట్టలు కుట్టే చాచా మా ఇంటికి వచ్చాడు. నన్ను చూసి తలుపు దగ్గరే ఆగిపోయాడు.

"బేటీ, మీ బాపును ఠాణకు తీస్కపోయిండ్రు. రాయికల్ దిక్కు ఏదో ఇంట్ల చీనా అక్షరాల కితాబు దొరికిందట. చదివి చెప్పుమంటున్నరు. ఇండ్లు గూడ సోదా జేస్తరని అంటున్నరు. జర పైలం."

ఆయన పోయాక ఇల్లంతా చూశాను. మా ఇంట్లో అనుమానించడానికి ఏముంది, ఆ కాగితం తప్ప. ఎర్ర రంగు, చీనా అక్షరాలు. అన్నం మెతుకులతో అంటించింది, ఒక పట్టాన రాలేదు. గోళ్ళతో గీరి, ముక్కలు ముక్కలుగా పీకి, పొయ్యిలో వేశాను. బూడిదను కట్టెతో కలిపాను. భయంతో కాదు, గర్వంతో చేశాను. బాపును నేనొక్కదాన్నే కాపాడాననుకున్నాను. ఆ గర్వం గుర్తొస్తే నా మీద నాకు ఇప్పటికీ అసహ్యం వేస్తుంది.

గంట కూడా కాలేదు. బాపు వచ్చాడు, వెంట ఒక హెడ్డు కానిస్టేబులు. బాపు ముఖం తేటగా ఉంది.

"బిడ్డా, గోడ మీది కాగితం తియ్యి. గా కితాబుల ఒక్క ముక్క గూడ నాకు సమజ్ కాదంటె సాబులు నమ్ముతలేరు. నాకొచ్చిన అక్షరాలు గివ్వే అని చూపిస్త."

నేను కదల్లేదు. ఆయనే గోడ వైపు తిరిగాడు. అక్కడ సున్నం తెల్లగా ఉంది. తర్వాత నా చేతులు చూశాడు, గోళ్ళలో ఎర్ర రంగు.

"ఏది?" అన్నాడు హెడ్డు. పొయ్యి చూసి, నన్ను చూసి, "ఎందుకు కాలవెట్టినవ్?" అని నా మీదికి ఒక అడుగు వేశాడు.

"నేనే కాలవెట్టుమన్న సాబ్, పొద్దుగాల. మర్చిపోయిన" అన్నాడు బాపు, ఇద్దరి మధ్యకు వచ్చి.

అంత చేతగాని అబద్ధం నేను మళ్ళీ వినలేదు. కాగితం చూపిస్తానని తీసుకొచ్చినవాడే తాను కాల్పించానంటే ఎవరు నమ్ముతారు? కానీ వాళ్ళకు అది సరిపోయింది. దాచాల్సింది లేకపోతే కాల్చడం ఎందుకని అడిగారు.

బాపును జగిత్యాల తీసుకుపోయి ఇరవై రెండు రోజులు ఉంచుకున్నారు. అవ్వ సిరిసిల్ల నుంచి ఏడుస్తూ వచ్చింది. చీనోని కోసం ఠాణా మెట్లెక్కేది లేదని మామలు చెప్పేశారట. నేనిప్పుడు జగిత్యాలలోనే ఉంటున్నాను. ఆ ఠాణా ఉన్న వీధికి మాత్రం పోను.

తిరిగి వచ్చాక బాపు కుడిచేయి వణికేది. లోపల ఏం జరిగిందో అవ్వకు కూడా చెప్పలేదు. ఊళ్ళో సగం మంది ఆయన అన్నల మనిషన్నారు, మిగతా సగం పోలీసుల మనిషన్నారు. కొలతలిచ్చి పోయినవాళ్ళు కూడా పళ్ళ కోసం రాలేదు. మడిగెలో బల్ల మీద ఎవరెవరివో ప్లాస్టర్ దవడలు నోళ్ళు తెరుచుకుని దుమ్ము పట్టాయి. బాపు నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. రెండు దెబ్బలు వేసినా బాగుండేది.

పుష్య అమావాస్య వచ్చింది. బాపు కొత్త ఎర్ర కాగితం, సిరా, కుంచె కొనుక్కొచ్చి నేల మీద కూర్చున్నాడు. వణికే చేతిని ఎడమ చేత్తో పట్టుకుని వాళ్ళ నాన్న పేరు రాశాడు. తాత పేరు రాశాడు. మూడో పేరు నోటికి వచ్చింది గానీ అక్షరం రాలేదు. నాలుగో పేరు నోటికీ రాలేదు. మొదటి నుంచి మళ్ళీ మళ్ళీ చెప్పుకున్నాడు, ప్రతిసారీ అక్కడే ఆగాడు. అప్పుడు నా వైపు చూశాడు.

"యాదికున్నదా బిడ్డా? యేటేటా ఇనేదానివి గద."

ఏటేటా ఆయన వెనకే నిలబడేదాన్ని. బయటివాళ్ళకు ఈ గొంతు వినపడుతుందేమో, ఇది ఎప్పుడు అయిపోతుందో అని తప్ప ఇంకేమీ విన్నది లేదు.

"లేదు బాపు" అన్నాను.

ఆయన కుంచె కింద పెట్టాడు. ఉడికించిన కోడి చల్లారిపోయింది. "పేరు వెట్టి పిలిస్తెనే వాళ్ళు అన్నానికి వస్తరు. పిలువకపోతె ఎట్ల వస్తరు బిడ్డా?" అని అడిగాడు. కోపంగా అడగలేదు. నాకేమైనా తెలుసేమోనని అడిగాడు.