జగిత్యాల బస్సులో పాత గేముల జోస్యం

మా అన్నను మంచం మీద నుంచి లేపడానికి ఆ ఏడాదంతా నా దగ్గర ఒక్కటే ఉపాయం ఉండేది. గుమ్మంలో నిలబడి, "అన్నా, గీసారి ఏ పాత మిషన్ వస్తదో జాడ దొరికింది" అనేదాన్ని. గోడవైపు తిరిగి పడుకున్న మనిషి కాసేపటికి ఇటు తిరిగేవాడు. "ఏడ చూసినవ్?" అని అడిగాడంటే ఆ పూటకు గండం గడిచినట్టే. "బస్సుల చెప్త, అంగీ తొడుక్కో" అనేదాన్ని.

అన్న దుబాయిలో పని చేస్తుండగానే రెండు కిడ్నీలూ పాడయ్యాయి. కోరుట్లకు తిరిగొచ్చాక వారానికి మూడుసార్లు జగిత్యాల పోయి డయాలసిస్ చేయించుకోవాల్సి వచ్చింది. వదిన బీడీలు చేస్తుంది, పిల్లల్ని చూసుకుంటుంది. నా పెళ్లి నిలవలేదు. అన్న ఇంట్లోనే ముందు గదిలో కుట్టుమిషన్ పెట్టుకుని జాకెట్లు కుడతాను. అందుకని అన్న వెంట పోయే పని నా మీద పడింది. మొదట్లో బుద్ధిగానే వచ్చేవాడు. తర్వాత్తర్వాత, నీళ్లు తాగొద్దంటే దూపకు ఓర్చుకోలేక, సూదులకు ఓర్చుకోలేక, "ఇయ్యాల రాను పో" అనడం మొదలుపెట్టాడు. వరసగా మానితే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుందని డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి చెప్పింది. ఒకసారి చేరింది కూడా. మంచం పట్టె పట్టుకుని, నోరు తెరిచి, గాలి కోసం అన్న కొట్టుకోవడం చూశాను. అది చూశాక, ఈ మనిషిని జగిత్యాల తీసుకుపోవడానికి నేను ఏమైనా చేస్తాననిపించింది.

దుబాయి నుంచి అన్న తెచ్చుకున్న సామానులో చేతిలో పట్టుకుని ఆడే గేమ్ మిషన్ ఒకటుంది. దాన్ని చేసిన జపాన్ కంపెనీ చందా తీసుకుని, తన పాతకాలపు మిషన్లలో నడిచిన ఆటలను ఈ కొత్తదాంట్లో ఆడుకోనిస్తుంది. అన్నీ ఒకేసారి ఇవ్వదు. టీవీకి తగిలించే తొలినాటి మిషన్ ఆటలు ముందు ఇచ్చింది, తర్వాత ఇంకోదానివి, నడుమ జేబులో పట్టేవాటివి. ఊరించి ఊరించి, ఎప్పుడో ఒకనాడు, ఫలానా మిషన్ కూడా చేరిందని ప్రకటిస్తుంది. అందులో ఫ్యామిలీ చందా అని ఉంటుంది. దుబాయిలో అన్న ఉన్న గదిలోని మగవాళ్లంతా, రాయికల్ వాళ్లూ మల్లాపూర్ వాళ్లూ గంభీరావుపేట ఆయనా, ఒక కుటుంబమై చేరారు. అన్న ఇంటికి వచ్చేసినా ఆ కుటుంబంలోంచి పేరు కొట్టేయలేదు. వాళ్లు చల్లగుండాలి.

మాకు కావలసింది ఒక్క ఆట. మా చిన్నప్పుడు బాపు కూడా దుబాయిలోనే ఉండేవాడు. ఒకసారి సెలవు మీద వస్తూ టీవీ గేమ్ ఒకటి, దాంతో ఒక క్యాసెట్ తెచ్చాడు. అందులో ఒక పిల్లవాడూ ఒక పిల్లా కలిసి పరుగెత్తాలి. పిల్లవాడు అన్న, పిల్ల నేను. మంచు ఊరు దాటాలి, పోతున్న రైలు మీదికి దూకాలి, చివరకు ఒక ఎర్ర తలుపు వస్తుంది. తలుపు ముందు నిలబడి అన్న బటన్ నొక్కగానే బొమ్మంతా ముక్కలై, గీతలు గీతలుగా ఆగిపోయేది. క్యాసెట్ తీసి ఊదేవాళ్లం, అంగీ అంచుతో తుడిచేవాళ్లం, మళ్లీ మొదట్నుంచి ఆడేవాళ్లం. దుమ్ము వల్లే అనుకున్నాం. బాపు పోయాడు, తర్వాత అమ్మ పోయింది, ఆ మిషన్ ఎప్పుడో కాలిపోయింది. తలుపు అవతల ఏముందో మాకు తెలియనేలేదు. డయాలసిస్ మంచం మీద ఒకనాడు అన్న నవ్వుతూ, "సచ్చేలోపల గా తలుపు దీస్తే సాలు చెల్లె" అన్నాడు. ఆ మాటను నేను రెండు చేతులా పట్టుకున్నాను.

బాపు తెచ్చింది ఏ మిషనో మాకు అనుమానమే లేదు. మిషన్ పోయి, దాని రూపు మరుపున పడ్డా, డబ్బా ఇంట్లోనే ఉంది. మా వైపు గల్ఫ్ నుంచి వచ్చిన డబ్బాను పారేసే ఇల్లుండదు. లోపలి సామాను పాడై మట్టిలో కలిసినా, డబ్బా మాత్రం బొమ్మ ముందుకు కనపడేట్టు అల్మారి మీద కూర్చుంటుంది. అది ఇంటికి మర్యాద. మా డబ్బాలో వదిన బీడీల దారం ఉండలు పెట్టుకుంటుంది. దాని మీదున్న మిషన్ బొమ్మను ఫోన్లో వెతికాను. ఆ జపాన్ కంపెనీదే, పాతదే, ఇంకా చందాలో చేరనిదే. ఏదో ఒకనాడు చేరక తప్పదు కదా అని ఇద్దరం అనుకున్నాం.

ఇక జోస్యం మొదలైంది. కోరుట్లలో బస్సెక్కింది మొదలు జగిత్యాలలో దిగేదాకా అదే ముచ్చట. నేను కుట్టుపని నడుమ గేముల పిచ్చోళ్లు ఫోన్లో రాసుకునే ఫోరమ్‌లన్నీ చదివి తయారుగా ఉండేదాన్ని. లోకంలో ఇంతమంది మగవాళ్లకు వేరే పనే లేదా అని మొదట్లో తిట్టుకున్నాను. నెల తిరగకుండానే నేనూ వాళ్లలో ఒకదాన్నయ్యాను. పాత మిషన్‌ను చేర్చే ముందు కంపెనీ దానికి తగ్గ రిమోట్‌ను మళ్లీ కొత్తగా చేసి అమ్ముతుంది. అది వైర్లు లేనిది కాబట్టి ఏదో ఒక దేశంలో సర్కారు అనుమతి అడగాలి. ఆ అనుమతి కాగితాల్లో రిమోట్ ఫొటో బయటపడిందంటే ఇక ఖాయం. చేయి ఊపి ఆడే మిషన్ ఇప్పుడప్పుడే రాదు. డిస్కుల మిషన్ ఆటలు బరువు, చందాలో ఇవ్వలేరు. రెండు తెరలదాన్ని ఒక్క తెరలో ఎట్లా ఇరికిస్తారు? ఇట్లా ఒక్కొక్కదాన్నీ కొట్టేస్తూ పోతే చివరకు మాదే మిగిలేది. మాదే మిగిలేట్టు నేను కొట్టేసేదాన్ని.

"రెండు తెరలది రాదని ఎట్లంటవే? నిలువుగ పట్టుకుంటె సరిపాయె" అనేవాడు అన్న.

"నిలువుగ పట్టుకోని బటన్లు ముక్కుతోని ఒత్తుతవా?"

అన్న నవ్వేవాడు. ఒకసారి ముందు సీట్లో ఉన్న అవ్వ మా వాదన అంతా విని, ఓట్ల ముచ్చట అనుకుందేమో, వెనక్కి తిరిగి "ఇంతకు గెలిసేది ఎవలు బిడ్డా?" అని అడిగింది. "మాదే గెలుస్తదవ్వా" అన్నాడు అన్న. ఆ ఒక్క మాటకు నా కడుపు నిండిపోయింది.

తర్వాత ఒకనాడు ప్రకటన వచ్చింది. మాది కాదు. రాదు గాక రాదని నేను బల్లగుద్ది చెప్పిన డిస్కుల మిషనే వచ్చింది. మరునాడు డయాలసిస్. అన్న లేవలేదు. "పిల్లల మొకం జూసన్న లెవ్వయ్యా" అని వదిన ఏడ్చింది. పిల్లల మాట ఎత్తినా కదల్లేదు. "నన్ను ఇడ్సిపెట్టున్రి" అన్నాడు గోడతో. నాకు మండుకొచ్చింది. దుప్పటి గుంజి పడేశాను, అరిచాను, అంతలోనే కాళ్లు పట్టుకున్నాను.

"నా లెక్క తప్పిందన్నా. తప్పితే తప్పనీ. గిది అచ్చిందంటె ఇగ మిగిలింది మనదే గద. నువ్వే చెప్పు, ఇంకేం మిగిలింది?"

గోడ మీది సున్నం గోటితో గీకాడు. లోపల లెక్క వేస్తున్నాడని నాకు తెలుసు. ఆ లెక్క వేయకుండా ఉండలేని మనిషి. "రిమోట్ ఫొటో అచ్చిందా?" అన్నాడు చివరకు. రాలేదు. "అచ్చిందట" అన్నాను. గోడవైపు ఉన్నాడు కాబట్టి నా మొహం చూడలేదు. ఆ రోజు ఆఖరి నిమిషంలో బస్సు అందుకున్నాం.

ఆ అబద్ధం తర్వాత నాకు తిండి సయించలేదు. జాకెట్లకు చేతులు తారుమారుగా కుట్టి మళ్లీ విప్పుకున్నాను. అన్న ఇవాళ వస్తాడు, మరి ఎల్లుండి? ఎల్లుండి వస్తాడు, ఆ పైన? ఎక్కడో జపాన్‌లో ముఖం తెలియని మనుషులు గదిలో కూర్చుని ఏం తేలుస్తారో దాని మీద మా అన్న ప్రాణం ఆధారపడ్డట్టు అనిపించేది. కొండగట్టు పోయి అంజన్నకు మొక్కుకున్నాను. గేమ్ మిషన్ కోసం మొక్కిన మనిషి ఆ గుట్ట మీద నేనొక్కదాన్నే అయ్యుంటాను. దేవునికి కూడా దాన్ని విడమరిచి చెప్పాల్సి వచ్చింది.

అంజన్న విన్నాడు. మా డబ్బా మీది మిషన్ చందాలో చేరింది. ఆ పొద్దు అన్న నాకంటే ముందు అంగీ తొడుక్కుని కూర్చున్నాడు. వార్డులో ఒక చేతికి సూదులు, ఇంకో చేత్తో గేమ్ పట్టుకుని జాబితా అంతా కిందికి పైకి జరిపాడు. మా ఆట లేదు. నెలనెలా కొన్ని కలుపుతారులే అన్నాను. కలిపినప్పుడల్లా ఒక్కొక్కటీ తెరిచి చూశాం. బటన్లు నేను నొక్కుతుంటే అన్న చూసేవాడు. మంచు ఊళ్లున్నాయి, రైళ్లున్నాయి, మా ఎర్ర తలుపు లేదు. ఫోరమ్‌లో అడిగితే పేరు చెప్పమన్నారు. పేరు మాకేం తెలుసు, క్యాసెట్ మీది కాగితం మా చిన్నప్పుడే ఊడిపోయింది. అన్న మళ్లీ గోడవైపు తిరగడం మొదలుపెట్టాడు.

అప్పుడు నాకు సిరిసిల్ల కాక గుర్తొచ్చాడు. బాపు దోస్తు. దుబాయిలో ఇద్దరూ ఒకే గదిలో ఉన్నారు, ఈ గేములు కూడా ఇద్దరూ కలిసే కొన్నారని అమ్మ చెప్పేది. డయాలసిస్ లేని రోజు చూసుకుని, పేరు కనుక్కొస్తానని అన్నకు చెప్పి, వేములవాడ మీదుగా పోయాను. కాక సాంచెలు నడిపిస్తాడు. మగ్గాల మోతలో మాట వినపడక నన్ను ఇంట్లోకి తీసుకుపోయాడు. సంగతి చెప్పగానే, "గా గేమా? ఉన్నది బిడ్డా" అని, దారం కండెలు పోసుకున్న డబ్బా ఒకటి ఒంపి తెచ్చాడు. దాని మీది బొమ్మ చూసి నా ప్రాణం ఉసూరుమంది. అది వేరే మిషన్, అసలు కంపెనీయే వేరు.

"గిది కాదు కాకా. మాది వేరే."

"రెండు ఒక్కతీరువే బిడ్డా. ఒక్కనాడే కొన్నం."

బీరువాలోంచి గుడ్డ మూట తెచ్చి విప్పాడు. చూడగానే గుర్తొచ్చింది, అచ్చం మా మిషనే. అవే రిమోట్లు, అదే క్యాసెట్. దాని మీద కాగితం కూడా ఉంది, పిల్లవాడూ పిల్లా చేతులు పట్టుకుని పరుగెత్తుతున్నారు.

"మరి డబ్బా?" అన్నాను.

"ఫుట్‌పాత్ మీద కొన్నం గద. సామాను ఒక కుప్ప, డబ్బాలు ఒక కుప్ప. ఇంటికి తీస్కపోవాలె, మంచి డబ్బా ఇయ్యి అంటే, నచ్చింది తీస్కోమన్నడు వాడు. మీ బాపు ఎర్రది తీసుకున్నడు, నేను నల్లది తీసుకున్న." కాక ఆ రోజును తలుచుకుని హాయిగా నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. బాపు రంగు చూసి ఏరుకున్న డబ్బా మీద నేను ఏడాది పొడుగునా జోస్యం చెప్పాను. దాని కోసం మొక్కు కూడా మొక్కాను.

తిరుగు బస్సులో క్యాసెట్ ఫొటో ఫోరమ్‌లో పెట్టాను. వేములవాడ దాటేలోపల ఎవరో జవాబిచ్చారు, వీడియోతో సహా. అది ఏ కంపెనీ ఆటా కాదట. ఒక ఆటలోంచి పిల్లల్ని, ఇంకో ఆటలోంచి రైలును ఎత్తుకొచ్చి అతికించిన దొంగ సరుకు. ఎవరిదీ కాదు కాబట్టి ఏ చందాలోనూ ఎన్నటికీ రాదు. తలుపు దాకా చేసి, ఓపిక పోయిందో ఏమో, చేసినవాళ్లు అక్కడితో వదిలేశారు. ఏ క్యాసెట్టయినా అక్కడే ఆగిపోతుంది. వీడియోలో పిల్లవాడు తలుపు ముందు నిలబడ్డాడు, బొమ్మ గీతలైపోయింది. మేము ఊదీ ఊదీ నోళ్లు ఎండబెట్టుకున్నదంతా ఉత్తదే. కొంగు అడ్డం పెట్టుకుని కోరుట్ల వచ్చేదాకా ఏడ్చాను.

మరునాడు అన్న పిలవకుండానే లేచాడు. కాక ఏం చెప్పాడని బస్సులో అడిగితే "ఆస్పత్రిల చెప్త" అని దాటేశాను. దారిలో చెప్తే దిగిపోతాడని నా భయం. సూదులు పెట్టాక అయితే కదల్లేడు. తోడబుట్టిన అన్నతో అంత దుర్మార్గపు లెక్క వేసుకున్నాను. రక్తం గొట్టాల్లో తిరగడం మొదలయ్యాక పక్కన స్టూలు వేసుకుని అంతా చెప్పాను. డబ్బా సంగతీ, తలుపు సంగతీ. ఇంకో మాట అల్లి చెప్పాలని మనసులో లేక కాదు, ఎదురుగా చూస్తుంటే నా మొహంలో అబద్ధం నిలవదు.

"తలుపెనుక ఏం లేదా?" అన్నాడు.

"లేదన్నా."

"ఏమీ లేదా."

తల తిప్పి గొట్టాల్లో తిరుగుతున్న రక్తాన్ని చూశాడు. కోపం లేదు, దుఃఖం కూడా కనపడలేదు. దానికే నాకు ఎక్కువ భయం వేసింది.

"మరి ఎల్లుండి ఏం చెప్పి తీసుకొస్తవే నన్ను?"

 ఏడాదంతా నాలుక చివర తయారుగా ఉన్న రిమోట్లు, అనుమతులు, తెరలు ఒక్కటీ రాలేదు. "నా కోసం రా అన్నా" అన్నాను. "నువ్వు లేకుంటె నేను ఉండలేను. గంతే. ఇంకేం చెప్పరాదు నాకు." ఇన్నాళ్లూ ఆ మాట ఎందుకనలేదో నాకే తెలియదు. పక్క మంచాల వాళ్లు చూస్తున్నారు, సిస్టర్ చూస్తోంది. సిగ్గు లేకుండా ఏడ్చాను.

అన్న సూదుల్లేని చేయి చాపి నా మణికట్టు పట్టుకున్నాడు.

"వస్త" అన్నాడు. "నీ కోసమే వస్త. కని, నాతోని కానినాడు నేను వద్దంట చెల్లె. గానాడు నన్ను లేపద్దు. ఇంకో మిషన్ పేరు చెప్పద్దు. సరేనా?"

సరే అనకపోతే ఎల్లుండి రాడు. సరే అన్నాను.