బురైదా సంతలో పచ్చి పెద్దకూర

శుక్రవారం తెల్లవారి నమాజు కాగానే రియాద్ క్యాంపు నుంచి కారులో బయలుదేరాం. వెనక సీట్లో మా కొరియా మేనేజరు పార్క్ గారు. ముందు ఇద్దరు డ్రైవర్లం: జగిత్యాల రాజన్న, కడప ఖాదర్‌నైన నేను. ఒక కారుకు ఇద్దరెందుకని అడగకండి. పరాయి దేశపు పనివాళ్ళ మీద సర్కారు వేసే లెవీలు పెరిగాక కంపెనీ ఒక్క డ్రైవరునే ఉంచుకుంటుందని పుకారు. తేల్చేది పార్క్ గారే అనుకున్నాం. ఇద్దరినీ రమ్మన్నారంటే ఇది పరీక్షే!

ఆయన కోరిక ఒక్కటే: బురైదా సంతలో అప్పుడే కోసిన పెద్దకూర తినాలి. వినగానే లోలోపల గంతులేశాను. రాజన్న గొడ్డు మాంసం ముట్టడు మరి.

దారిలో బంకు దగ్గర ఆగాం. నేను బాసుకు టీ తెస్తే రాజన్న బిస్కెట్లు తెచ్చాడు. నేను ఏసీ సర్దితే అతను దిండు సర్దాడు. తొమ్మిదిన్నరకు సంత చేరాం. మీరు వెళ్తే పదిలోపే వెళ్ళండి, తరువాత జుమా నమాజుకు కొట్లు మూసేస్తారు.

సూడాన్ కసాయి ఉస్మాన్ ఇంకా వెచ్చగా ఉన్న తొడ మాంసం కోసిచ్చాడు. కాల్చే హోటలు పక్కనే ఉందన్నాను. పార్క్ గారు తల అడ్డంగా ఊపి, సంచిలోంచి నువ్వుల నూనె సీసా తీశారు.

"గిదేంది భాయ్, పొయ్యి మీద పెట్టరా?" అన్నాడు రాజన్న నా చెవిలో.

పెట్టలేదు. సన్నగా తరిగి, నూనె, ఉప్పు కలిపి పచ్చిదే నా ముందు పెట్టారు. కాపాడతాడేమోనని ఉస్మాన్ వైపు చూశాను. ఆ మహానుభావుడు "మా ఊళ్ళోనూ ఇంతే!" అంటూ నిమ్మకాయ పిండి, కారం చల్లి, మొదటి ముక్క తానే నోట్లో వేసుకున్నాడు.

"తిను ఖాదర్ భాయ్, సిగ్గెందుకు?" అన్నాడు రాజన్న, పక్క హోటల్లో కొనుక్కున్న కోడి కబాబు నములుతూ.

"తింటాండా లేప్పా, నువ్వు నోరు మూసుకో!"

కళ్ళు మూసుకుని మింగాను. మూడో ముక్కకు రుచి తెలిసింది. నాలుగోది నేనే అడిగి తిన్నాను. ఒట్టు, బాగుంది.

జుమా చదువుకుని రెండింటికి తిరుగు దారి పట్టాం. సగం దారిలో ఇక ఉండబట్టలేక, వచ్చీరాని ఇంగ్లీషులో అడిగేశాను. "బాస్, మా ఇద్దరిలో ఎవరిని ఉంచుతారు?"

ఆయన తెల్లబోయారు. "నన్నడుగుతావేమిటి? సౌదీలకే ఉద్యోగాలివ్వాలనే నితాఖత్ రూలు కింద నా కుర్చీలోకి సౌదీ అబ్బాయి వస్తున్నాడు. సోమవారం నాకే ఫైనల్ ఎగ్జిట్, ఇక ఈ దేశం వదిలి వెళ్ళిపోవడమే. ఈలోగా ఒక్కసారి మా ఊరి పద్ధతిలో తినాలనిపించింది. ఒక్కడినే తినలేక మిమ్మల్ని పిలిచాను."

నాకు చాలా బాధేసింది. పొద్దుటినుంచి ఆయన మొహం కాకుండా ఆయన చేతిలోని నా ఉద్యోగాన్నే చూశాను.

కాసేపటికి రాజన్న మెల్లగా అన్నాడు. "అంటే భాయ్, నువ్వు గదంత ఉత్తగనే తిన్నవా?"

నేను పగలబడి నవ్వాను. విషయమేమిటని అడిగితే పార్క్ గారికీ చెప్పాను. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వారు. నవ్వు ఆగాక కూడా, రియాద్ దీపాలు కనబడేదాకా, ఆయన కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నారు.