కనరానివాడా, కనరా నీవాడా?

మా మేనత్తను వీధిలో సగంమంది కళ్ళజోళ్ళావిడ అనేవారు, తక్కిన సగం చేతులమ్మ అనేవారు. రెండూ నిజమే. పొద్దున పది నుంచి సాయంత్రం ఆరు దాకా ఆమె కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసేది. గోడకున్న అక్షరాల పట్టీ చదివించడం, ముక్కు మీద నుంచి జారుతున్న ఫ్రేమును వేడిచేసి వంచడం, ఆవగింజంత స్క్రూలను ఊపిరి బిగబట్టి బిగించడం ఆమె పని. ఆరు దాటాక ఆ చేతులు మా నాన్నవి.

నాన్నకు పుట్టుకతోనే వినికిడి లేదు. ఆయన వెనక నాలుగేళ్ళకు పుట్టిన అత్త మాటలకన్నా ముందు సైగలు నేర్చుకుంది. చిన్నప్పటి నుంచి డాక్టరు దగ్గరా, కొట్టు దగ్గరా, పెళ్ళిచూపుల్లోనూ అన్నయ్యకు చెవీ నోరూ తానే. నాన్న ప్రెస్సులో బైండింగు పని చేసేవాడు. ఫారాలు మడిచి, కుట్టి, జిగురు పెట్టి, అంచులు కోసేవాడు. కోత యంత్రం పాడవబోతోందంటే ఫోర్‌మన్ కంటే ముందు నాన్నకే తెలిసేది. నేల అదురు పాదాలకు తేడాగా తగులుతోందనేవాడు. మనిషి మంచివాడే గాని పేకాటలో మాత్రం దొంగ. ఆదివారాలు ఆయన స్నేహితులు పదిమంది, అందరూ ఆయనలాంటి వాళ్ళే, మా ముందుగదిలో చేరి ముక్కలు వేసేవారు. అరుపులు లేని గొడవ ఎలా ఉంటుందో నేను అక్కడే చూశాను.

మా ఊరి గ్రంథాలయం మేడ మీద పాటల సంఘం ఒకటి ఉండేది. నెలకోసారి, మొదటి ఆదివారం పొద్దున, నలభైమంది కూడి పాత పాటలు పాడుకునేవారు. ఒకసారి వాళ్ళ పాటల పుస్తకం మూడువందల ప్రతులు నాన్నే బైండు చేసి, చేతిబండి మీద తీసుకెళ్ళాడు. మేడ ఎక్కేసరికి లోపల ఎవరో పాడుతున్నారు. అందరూ కళ్ళు మూసుకుని కూర్చున్నారు. ముందు కుర్చీలో ఒక లావుపాటి పెద్దమనిషి రుమాలుతో కళ్ళు తుడుచుకుంటున్నాడు. నాన్న కట్టలు దించడం మరిచిపోయి చూశాడట.

ఇంటికొచ్చి అత్తను నిలదీశాడు. "నేను కుట్టిన పుస్తకమేగా? అందులో ఏముందని ఆ ఏడుపు? ఆయన్నెవరూ కొట్టను కూడా లేదు!"

"వచ్చే నెల వెళ్దాం పద. ఏముందో చెప్తాను," అంది అత్త చేతులతో.

అలా మొదలైంది. చివరి వరసలో నాన్న కూర్చునేవాడు, ఎదురుగా స్టూలు మీద అత్త కూర్చుని పాటను సైగల్లోకి మార్చి చెప్పేది. మరుసటి నెల పేకాట బృందం కూడా కదిలింది. నాలుగో నెలకు పదకొండు మందీ హాజరు. పాట వినడానికొచ్చిన వాళ్ళు కూడా మెడలు వెనక్కి తిప్పి అత్త చేతులు చూడడం మొదలుపెట్టారు. వాన పాటకు ఆమె వేళ్ళు కిందికి దిగుతుంటే ఒకావిడ తల తడుముకుందని చెప్పుకునేవారు.

ఇది అందరికీ నచ్చలేదు. "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు, ఎందుకమ్మా ఈ శ్రమ?" అన్నాడు ఒక సభ్యుడు, నలుగురూ వినేలా.

అత్త నవ్వింది. "సామెత సగంలో ఆపేశారు బాబాయిగారూ. 'ఆ ఎముక కొరకడం నీ తాత తరం కాదు' అన్నాడట ఆ చెవిటివాడు. ఎదుటివాడికి వినబడదని తెలిసి కూడా ఊదింది ఎవరు? తెలివితక్కువతనం ఎవరిదో మీరే చూసుకోండి."

అయినా నాన్నవాళ్ళ కుర్చీలు మాత్రం చివరి వరసలోనే ఉండిపోయాయి.

సంఘానికి ప్రాణం లాంటి పాట ఒకటుంది. ఎప్పుడో చనిపోయిన ఒక బడిపంతులు కట్టాడంటారు. ఆయన రాసుకున్న కాగితం దొరకలేదు. ఒకరి నోట విని ఒకరు నేర్చుకున్నదే. ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మ దాన్ని పాడితే హాల్లో ఫ్యాను చప్పుడు కూడా అడ్డం అనిపించేది. ఆ ఆదివారం ఆమె ఎత్తుకుంది:

తలుపు తీసే ఉంది, తలవాల్చి ఉన్నాను
అడుగు చప్పుడు లేదు, ఆనవాలే లేదు
కనరానివాడు గడపలో ఉన్నాడు

మూడో పాదానికి వచ్చేసరికి అత్త చేతులు గాలిలో ఆగిపోయాయి.

చిక్కు ఎక్కడంటే, ఆ 'ని' దగ్గర రాగం సాగుతుంది. సాగితే 'నీ' అయిపోతుంది. 'కనరానివాడు' అంటే కంటికి కనబడనివాడు. 'కనరా, నీవాడు' అంటే చూడరా, వీడు నీ మనిషేనని. చెవితో వినేవాళ్ళకు ఇబ్బంది లేదు, రెండూ కలిసి వినబడతాయి, ఎవరికి కావలసింది వాళ్ళు తీసుకుంటారు. చేతులకు ఆ వెసులుబాటు లేదు. కనబడడని చెప్పాలంటే కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టాలి. నీవాడని చెప్పాలంటే ఎదుటివాడి గుండె వైపు చూపించాలి. ఒకటి చేస్తే రెండోది చచ్చిపోతుంది.

పదకొండు జతల కళ్ళు ఆమె మీదే ఉన్నాయి. "ఏమైంది? గడపలోకి వచ్చిందెవరు?" అని నాన్న అడిగాడు.

"తెలియడం లేదు."

నాన్న పక్కనే ఉన్న వడ్రంగి స్నేహితుడు హాలంతా కలయజూశాడు. "ఇంతమంది ఏడుస్తున్నారే, ఎవరొచ్చారో తెలియకుండానే?"

పాట అయిపోగానే అత్త లేచి నిలబడి అదే ప్రశ్న సభకు వేసింది. తేనెతుట్టె కదిలింది.

"కనరానివాడే! అనుమానమేముంది? పరమాత్మ గురించమ్మా ఇది," అన్నారు హార్మోనియం ముందున్న సంగీతం మాస్టారు.

"మాస్టారూ, పరమాత్మ గడపలో ఎందుకు నిలబడతాడండీ?" అని అందుకున్నాడు కార్యదర్శి. ఆయన ఒకప్పుడు వకీలు గుమాస్తా, వాదన దొరికితే భోజనం మానేసేవాడు. "చూడరా, నీ మనిషి వచ్చాడు అంటున్నాడు. గుమ్మంలో మనిషిని వదిలేసి ఆకాశం వంక చూసేవాళ్ళను దెప్పిన పాట ఇది."

అత్త సంచిలోంచి రెండు పుస్తకాలు తీసింది. తాను బైండు చేసిన ప్రతి పుస్తకం ఒక కాపీ దాచుకోవడం నాన్న అలవాటు. మొదటి ముద్రణలో 'కనరానివాడు' అని ఉంది, ప్రూఫులు దిద్దింది మాస్టారు. రెండో ముద్రణలో 'కనరా నీవాడు' అని ఉంది, దిద్దింది కార్యదర్శి. ఇన్నేళ్ళూ ఎవరి పుస్తకం వాళ్ళు పట్టుకుని ఒకే గొంతుతో పాడుతూ వచ్చారు!

వాదన ముదిరేసరికి మాస్టారికి విసుగొచ్చింది. "ఏదో ఒకటి చెప్పెయ్యమ్మా. వాళ్ళేమన్నా విన్నారా, పోల్చి చూసుకోడానికి!"

అత్త ముఖం ఎర్రబడింది. "ఏదో ఒకటి ఇమ్మంటే కళ్ళజోడు కూడా ఏదో ఒకటి ఇచ్చెయ్యొచ్చు మాస్టారూ. పెట్టుకున్నవాడు గుంటలో పడతాడు." కార్యదర్శి వైపు తిరిగింది. "వచ్చే నెల వార్షికోత్సవంలో ఈ పాట ఉందిగా. ఆ రోజు అర్థం చెప్తాను. చివరి వరసలోంచి కాదు, వేదిక మీద నిలబడి."

నలభైమంది ఎదుట కాదనలేక కార్యదర్శి తలూపాడు.

మాటైతే ఇచ్చేసింది గాని దారి తోచలేదు. దుకాణానికి వచ్చిన వాళ్ళందరినీ అడిగింది. అక్షరాల పట్టీ చదివించి, ఆ పైన ఈ చరణం వినిపించేది. భర్త పోయిన ఒక పెద్దావిడ "మా ఆయనే తల్లీ, ఇంకెవరు?" అని కొత్త అద్దాలు తీసి తుడుచుకుంది. ఒక బస్సు కండక్టరేమో "చప్పుడు లేకుండా గడపలో నిలబడేది చెకింగు ఇన్‌స్పెక్టరేనండీ" అన్నాడు. ఇంట్లో బీరువా అద్దం ముందు రెండు సైగలూ వెంటవెంటనే చేసి చూసుకుంది. పాట నిడివి చాల్లేదు. మధ్యలో 'లేదా' అన్న సైగ పెడితే ప్రార్థన కాస్తా పరీక్షపేపరు అయిపోతోంది.

పది రోజులు గడిచాక, ఒక సాయంత్రం మా ఇంట్లో భోజనాల దగ్గర ఓటమి ఒప్పుకుంది. "నావల్ల కాదు అన్నయ్యా. మానేస్తున్నానని చెప్పేస్తాను."

"పాట ఏమిటో మొదటి నుంచి చెప్పు," అన్నాడు నాన్న.

ఆమె చెప్పింది. తలుపు తీసి ఉంది. తల వాల్చి కూర్చున్నాడు. అడుగు చప్పుడు లేదు.

నాన్న అక్కడ చెయ్యెత్తి ఆపాడు. "ఇందులో వింతేముంది?"

"చప్పుడు లేకుండా వచ్చాడట అన్నయ్యా."

"అందరూ అలాగే వస్తారుగా!"

నేను పకాలున నవ్వాను. అత్త నవ్వలేదు. చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. నాన్న లేచి, కుర్చీని గుమ్మానికి వీపు పెట్టి వేసుకుని కూర్చున్నాడు. అన్నం తిన్న చెయ్యి కడుక్కోలేదని అమ్మ అరుస్తూనే ఉంది, ఆ అరుపు ఆయనదాకా ఎలాగూ పోదు.

"నా వీపు వెనక లోకం లేదు," అన్నాడు. ఆయన సైగల్ని నేను నా మాటల్లో చెబుతున్నాను. "కనబడదు, వినబడదు. ఆ లేని చోటు నుంచి ఒక చెయ్యి వచ్చి నా భుజం మీద పడుతుంది. పడేదాకా వాడు కనరానివాడే. పడ్డాక నావాడే. పరాయివాడు భుజం మీద చెయ్యి వెయ్యడుగా?"

అలా అంటూ ఆయన కుడిచెయ్యిని తల వెనక్కి పోనిచ్చాడు. అది కాసేపు మాకు కనబడలేదు. తర్వాత ఎడమ భుజం మీదుగా వేళ్ళు ఒక్కొక్కటీ పైకొచ్చాయి, చెయ్యి మెల్లగా భుజం మీద వాలింది. ఆయన ముఖం ఇంకా తిరగలేదు, కానీ వెలిగింది.

"మీరు రెండు మాటలంటున్నారు. నాకు ఒకటే కనబడుతోంది," అన్నాడు.

అత్త కళ్ళు తుడుచుకుంది. "మరి వచ్చింది దేవుడా, మనిషా? మాస్టారు అడుగుతారు."

"తిరిగి చూస్తే తెలుస్తుంది. పాటేమో, వాడు తిరగడానికి ముందే ఆగిపోయిందిగా," అని నాన్న మళ్ళీ పళ్ళెం ముందు కూర్చున్నాడు.

వార్షికోత్సవం నాడు హాలు కిక్కిరిసింది. పక్క ఊళ్ళ నుంచి కూడా వచ్చారు, రెండువందల మంది పైమాటే. పదకొండు మందికీ ముందు వరసలో కుర్చీలు వేయించందే అత్త వేదిక ఎక్కనంది. నల్లటి రవికె మీద చేతులు తేటగా కనబడాలని గాజులు కూడా తీసేసింది. పక్కన నర్సమ్మ, వెనక హార్మోనియంతో మాస్టారు.

ఆ చరణం మూడుసార్లు వస్తుంది. మొదటిసారి అత్త చెయ్యి వెనక్కి వెళ్ళి మాయమై, భుజం మీద వాలేసరికి హాల్లో ఎవరో ఊపిరి గట్టిగా పీల్చడం నాకు వినబడింది. రెండోసారి ముందు వరసలో పదకొండు చేతులు లేచి పదకొండు భుజాల మీద వాలాయి. మూడోసారి నర్సమ్మ గొంతు తగ్గించి, తగ్గించి, పూర్తిగా ఆపేసింది. మాస్టారి వేళ్ళు హార్మోనియం మెట్ల మీద ఆగాయి. ఆ చరణం చేతుల్లోనే నడిచింది. చూస్తే, వెనక వరసల్లో కూడా జనం ఎవరి భుజం మీద వాళ్ళు చెయ్యి వేసుకుని ఉన్నారు.

చప్పట్లకు బదులు ముందు వరసవాళ్ళు చేతులు పైకెత్తి గాలిలో ఆడించారు. వాళ్ళ చప్పట్లు అవే. వెనక వాళ్ళు అది చూసి తామూ ఎత్తారు. నాలుగువందల చేతులు ఆకుల్లా ఆడుతుంటే కార్యదర్శి కూడా కాగితాల కట్ట చంకలో పెట్టుకుని రెండు చేతులూ ఎత్తాడు.

అత్త మైకు అందుకుంది. "ఈ అర్థం నాది కాదు. మీ పుస్తకాలు కుట్టిన మా అన్నయ్యది." నాన్నను పైకి రమ్మంది. ఆయన ఇస్త్రీ చొక్కా సర్దుకుంటూ ఎక్కి, జనాన్ని తీరిగ్గా చూసి, ఏదో సైగ చేశాడు. అత్త నవ్వు ఆపుకోలేక కాసేపటికి గాని చెప్పలేకపోయింది. "మీకు అర్థంకాని పాటలు ఇంకేమైనా ఉంటే తీసుకురమ్మంటున్నాడు. పేకాట లేని ఆదివారం చూసి చెప్తాడట."

హాలు గొల్లుమంది. నాన్న ఛాతీ అంత పొంగడం నేను మళ్ళీ చూడలేదు.

జనం పలచబడ్డాక మాస్టారు అత్త దగ్గరకొచ్చారు. "ఆ రోజు ఏదో ఒకటి చెప్పెయ్యమన్నాను. నలభై ఏళ్ళు పాడాను గాని ఆ చెయ్యి నా భుజం మీద ఇవాళే పడిందమ్మా. తప్పైపోయిందని మీ అన్నయ్యకు చెప్పు."

"నేను చెప్పను మాస్టారూ. మీరే చెప్పండి. ఎలాగో నేర్పుతాను."

ఆ మాట మీదే శనివారం సాయంత్రాల సైగల తరగతి మొదలైంది, అదే మేడ మీద. మొదట తొమ్మిదిమంది, ఏడాది తిరిగేసరికి ముప్ఫై. నర్సమ్మ నేర్చుకుని తన వార్డులో వాడింది. అత్తకు ఆసుపత్రి నుంచీ, కోర్టు నుంచీ, బళ్ళ నుంచీ పిలుపులు రాసాగాయి. దుకాణం యజమాని గొణుగుతూనే వారానికి రెండు పూటలు సెలవిచ్చాడు. మూడో ముద్రణలో ఆ చరణాన్ని రెండు విధాలుగానూ, ఒకదాని కింద ఒకటి అచ్చువేశారు. ఏది పైన ఉండాలన్న దాని మీద కార్యదర్శి మూడు సమావేశాలు నడిపాడు.

తరగతిలో అందరికంటే మొద్దు విద్యార్థి మాస్టారే. హార్మోనియం మీద పరుగెత్తే వేళ్ళు సైగకొచ్చేసరికి కొయ్యబారిపోయేవి. అయినా పట్టు వదల్లేదు. నాలుగో వారం నాన్న ఎదుట నిలబడి, గొంతు సవరించుకుని, నేర్చుకున్న 'క్షమించండి'ని ఎంతో శ్రద్ధగా చేసి చూపారు. చెయ్యి రెండంగుళాలు కిందికి జారడంతో అది 'ఆకలేస్తోంది' అయింది. నాన్న నవ్వలేదు. గంభీరంగా తలూపి, ఆయన చెయ్యి పట్టుకుని మెట్లు దింపి, ఎదురుగా ఉన్న టీ కొట్లో రెండు బన్నులు చేతిలో పెట్టాడు. మాస్టారు బుద్ధిగా రెండూ తిన్నారు.