బొటనవేలంత ఖాళీ

వీధిలో అందరికీ ఆమె టైలరమ్మే. అసలు పేరేమిటని ఎవరైనా అడిగితే ఆమే ఒక్క క్షణం ఆలోచించి చెబుతుంది. ముందుగదిలో కిటికీ పక్కన కాలితో తొక్కే కుట్టుమిషను, దాని మీద ఎప్పుడూ ఎవరిదో ఒక పాంటు. టేపు తీయకుండానే మనిషి నడుము కొలత చెప్పేయగలదు. ఆమె కుట్టిన బట్ట ఒంటికి అతికినట్టు ఉంటుంది. అయినా లోపలి కుట్టు దగ్గర రెండువేళ్ళ గుడ్డ వదిలేస్తుంది. పెరిగే పిల్లలకే కాదు, పెద్దవాళ్ళకీ అంతే. మనిషన్నాక ఉన్నచోట ఉండడని, ఎటో ఒకవైపు పెరుగుతూనే ఉంటాడని ఆమె లెక్క.

అగ్నిమాపక కేంద్రం వాళ్ళ యూనిఫారాలు పొడవు తగ్గించడం, పొట్ట దగ్గర విప్పి వదులు చేయడం కూడా ఆమె పనే. ఒకసారి అక్కడి ఆడ అధికారి ఒకావిడ పాంటు సరిచేయించుకోవడానికి వచ్చి, మిషను మీద ఆడుతున్న ఆమె కాళ్ళను కాసేపు చూసింది. మా దగ్గర ఆడవాళ్ళకు ఉద్యోగాలు పడ్డాయి, ఈ ఏడాది దాటితే నీకు వయసు చెల్లదు, పరుగు పరీక్ష ఒక్కటి నెగ్గితే చాలు, ఇన్నేళ్ళు మిషను తొక్కిన కాళ్ళు ఊరికే పోవు అంది. టైలరమ్మ నవ్వేసింది. ఆవిడ వీధి మలుపు తిరిగాక మాత్రం తలుపు గడియ పెట్టి, కుట్టడానికొచ్చిన అగ్నిమాపక యూనిఫారం కోటొకటి తొడుక్కుని, గుండీలన్నీ పెట్టుకుని అద్దం ముందు నిలబడింది. కోటు ఎవరిదోగానీ భుజాలు మాత్రం ఆమెవేననిపించింది.

ఆమె మొగుడు బజారులోని పెద్ద చెప్పుల షాపులో పనిచేస్తాడు. పొద్దస్తమానం పొట్టి పీట మీద కూర్చుని, వచ్చినవాళ్ళ కాళ్ళకు బూట్లు తొడగడం, విప్పడం, మళ్ళీ తొడగడం. ఉద్యోగం సంగతి చెబితే ముఖం ముడుచుకుంటాడేమోనని ఆమె కూరలో ఉప్పు కూడా మరిచిపోయింది. ఆయన ఉప్పు లేని కూరే తిని, మంచి పనేనన్నాడు. మర్నాటికి వీధి వీధంతా చెప్పేశాడు. మా ఆవిడ ఊళ్ళో మంటలార్పడానికి వెళ్తోంది, ఇక మా ఇంట్లో కూర మాడినా అడగకూడదని హాస్యమాడాడు. ఇంత మంచి మొగుడు ఎవరికుంటాడని ఆమె మురిసిపోయింది. మురిసిపోవడంలో ఆమె తప్పేమీ లేదని ముందే చెబుతున్నాను.

పరుగెత్తడానికి బూట్లు కావాలి. పుట్టి బుద్ధెరిగాక ఆమె కాళ్ళకు స్లిప్పర్లు తప్ప ఇంకోటి ఎరగదు. మిషనుకు మోటారు పెట్టించుకోవాలని ఒక డబ్బాలో కూడబెట్టుకుంటోంది. అందులోంచి కొంత తీసి, ఉన్నవాట్లో చవకవి చూడమని మొగుడికి చెప్పింది. షాపులో రద్దీ లేని మధ్యాహ్నం రమ్మన్నాడు. తగ్గింపు ధరకు పెట్టిన కుప్పలోంచి ఒకే రకానివి రెండు పెట్టెలు తెచ్చాడు. మొదటి జత తొడిగితే ఏమీ వేసుకోనట్టే ఉంది. లోపల వేళ్ళు హాయిగా కదిలాయి. ఆయన బూటు ముందు భాగం వేలితో నొక్కి, తల అడ్డంగా ఊపి, వాటిని పెట్టెలో పెట్టేశాడు. రెండో జతలో వేళ్ళు ముందుకు తగిలాయి. ఆ మాటే చెప్పింది.

"బట్టలు కుట్టేదానివి, నీకు నేను చెప్పాలా? పట్టినట్టు ఉంటేనే అది సరైన సైజు" అన్నాడాయన, లేసు ముడి వేస్తూ. "వదులుగా ఉంటే పరుగులో జారి పడతావు. ఇది వాడే కొద్దీ సాగుతుందిలే."

ఆమె వృత్తినే చూపించి చెప్పాక ఇంకేం మాట్లాడుతుంది? పైగా స్టాఫ్ తగ్గింపు ఇప్పించి ధర ఇంకాస్త దించాడు. పెట్టెను చంకలో పెట్టుకుని, దారిలో కనిపించిన ప్రతివాళ్ళకూ మా ఆయన ఏరి ఇచ్చినవని చెప్పుకుంటూ ఇంటికొచ్చింది.

రోజూ తెల్లవారగానే బడి మైదానం చుట్టూ పరుగు. మొదట ఊపిరి అందలేదు, తర్వాత అందింది. కాళ్ళు కూడా నిజంగానే ఊరికే పోలేదు, అలసటే ఎరగలేదు. వేళ్ళే భగ్గుమన్నాయి. కొన్నాళ్ళకు రెండు బొటనవేళ్ళ గోళ్ళూ నల్లబడ్డాయి. కొత్తలో అందరికీ అంతేనని ఆయన వేణ్ణీళ్ళు కాచి ఇచ్చాడు. అందరూ ఇంత నొప్పి ఓర్చుకునే పరుగెడతారు కాబోలని, తనకే ఓపిక తక్కువని ఆమె సిగ్గుపడింది.

పరీక్ష రోజు చివరి చుట్టు దాకా ముందువరుసలోనే ఉంది. అక్కడ కాలు కింద పెట్టలేకపోయింది. ఒక్కొక్కరే ఆమెను దాటిపోయారు. ఈల మోగాక కుంటుకుంటూ గీత దాటింది. కంచె అవతల నిలబడ్డ మొగుడు పరుగున వచ్చి, భుజం పట్టుకుని ఇంటికి నడిపించాడు. మంచం మీద కూర్చోబెట్టి బూట్లు విప్పితే ఒక గోరు మేజోడుతో పాటే ఊడొచ్చింది. ఆయనే మందు రాసి, దూది పెట్టి, కట్టు కట్టాడు. పోన్లే, నీ ఒంటికి పడే పని కాదిది అన్నాడు. ఆయన శ్రమంతా బూడిదలో పోశానని ఆమె ఆయన చేతులు పట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

వయసు దాటేలోగా ఇంకొక్క విడత పరీక్ష ఉందని అధికారి కబురు పెట్టింది. టైలరమ్మ జవాబివ్వలేదు. బూట్లు మంచం కిందికి చేరాయి. ఇక మోటారే కొనుక్కుందామని, ఒకరోజు డబ్బా ఖాళీ చేసి బజారుకు బయలుదేరింది. ఆయన తాళంచెవి మరిచిపోయి వెళ్ళాడు, అది ఇచ్చి పోదామని దారిలో షాపుకు వెళ్ళింది.

ఆయన వీపు ఇటుంది. ఎదురుగా ఒక భారీ మనిషి కూర్చున్నాడు. డాక్టరు పరుగెత్తమన్నాడట, కొత్త కాబట్టి ఎక్కువ ఖర్చు పెట్టలేనంటున్నాడు, చవకవి పనికొస్తాయా అని అడుగుతున్నాడు.

"చవకవైనా ఫర్వాలేదు సార్. సైజులో మాత్రం పొరపాటు పడకూడదు" అన్నాడు మొగుడు, బూటు కొస మీద తన బొటనవేలు అడ్డంగా పెట్టి. "వేళ్ళ ముందు ఇదిగో, ఇంత ఖాళీ ఉండాలి. పరుగెత్తితే కాలు ఉబ్బుతుంది. పట్టినట్టున్నవి కొన్నారంటే గోళ్ళు నల్లబడి ఊడిపోతాయి."

టైలరమ్మ చెప్పుల అర పట్టుకుని నిలబడిపోయింది. అంత జరిగినా ఆమె మనసు ఆయన తరఫునే వాదించింది. నా గోళ్ళు చూశాకే నేర్చుకున్నాడేమో అనుకుంది. ఇంతలో బేరం కుదిరిన సంతోషంలో షాపు యజమాని బల్ల దగ్గర్నుంచి, చేరిననాటి నుంచీ మావాడిది ఇదే పాఠం సార్, ఒక్క జత తిరిగి రాలేదు అన్నాడు. దాంతో ఆ వాదన కూడా ఆగిపోయింది.

ఆ మనిషి వెళ్ళాక ఆమె వచ్చి అదే కుర్చీలో కూర్చుంది. స్లిప్పరు విడిచి, కొత్త గోరు ఇంకా సగమే వచ్చిన కాలు ఆయన ముందు పెట్టింది. ఆయన తలెత్తి చూసి, మళ్ళీ దించేశాడు.

"ఇందాక ఆయనకు చూసినట్టే నాకూ చూడండి" అందామె.

ఆయన లేచి వెళ్ళి ఒక పెట్టె తెచ్చాడు. వెతకనే లేదు. ఆ రోజు తీసి లోపల పెట్టేసిన సైజే. పీట మీద కూర్చుని తొడిగాడు.

"అంటే అప్పుడూ తెలుసు."

ఆయన లేసు ముడి వేశాడు. తర్వాత యజమానికి వినపడకుండా గొంతు తగ్గించాడు.

"పొద్దున్నుంచీ ఊళ్ళోవాళ్ళ కాళ్ళ దగ్గరే కూర్చుంటాను. ఇంటికొస్తే నువ్వా యూనిఫారంలో ఎదురొస్తే... ఇంట్లో కూడా కిందే ఉండాలా నేను?"

ఆ మాటకు ఆమెకు జాలి కలిగింది. జాలి కలిగిందన్న సంగతి ఇంకా మంటెత్తించింది. వద్దంటే పోయేది కదా, పోట్లాడుకునేవాళ్ళం, ఎవరో ఒకరు నెగ్గేవాళ్ళం అనుకుంది.

"ఓడించినందుకు కాదండీ నా బాధ" అంది చివరికి. "నా గోరుకు మీ చేత్తోనే దూది పెట్టారు చూడండి. అది మాత్రం ఎలా మరిచిపోను?"

ఆయన అలవాటు కొద్దీ బూటు ముందు భాగం నొక్కి చూసి, సరిపోయిందన్నాడు.

ఆమె ఆ మాట నమ్మలేదు. ఆయన చెయ్యి పక్కకు తీసి, తనే వంగి, తన బొటనవేలు పెట్టి చూసుకుంది. ఖాళీ ఉంది. వేళ్ళు కదిలించింది, కదిలాయి. రెండోదీ తనే తొడుక్కుని, బూట్లు విప్పకుండానే లేచి బల్ల దగ్గరికి నడిచింది.

ఈ జత తగ్గింపు కుప్పలోంచి ఎప్పుడో బయటికి వచ్చేసింది, పూర్తి ధర. యజమాని ఆమెను గుర్తుపట్టి, మనవాళ్ళే కదమ్మా అంటూ స్టాఫ్ తగ్గింపు రాయబోయాడు. టైలరమ్మ మోటారు డబ్బుల మూట విప్పి బల్ల మీద పెట్టింది.

"తగ్గించకండి. బయటివాళ్ళకు ఎంతో నాకూ అంతే."