యాదగిరి ఇంటి ముందరి తుమ్మచెట్టు

ఒక చెట్టును ఇన్నేళ్లుగా మోస్తున్నాను. మామూలుగా గోరంతను కొండంత చేసి చెప్పే మనిషిని. మిర్యాలగూడ ఎండకు మా టవర్ మీద వాలిన కాకి వేపుడైపోయిందని చెప్పి నలుగురినీ నవ్వించినవాణ్ణి. ఈ ఒక్క సంగతి పెంచి చెప్పడానికి నోరు రావడం లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పడానికీ ఇన్నాళ్లూ రాలేదు. మీకే చెబుతున్నాను.

కేబుల్ ఇంకా అంతటా రాని రోజుల్లో రైస్ మిల్లులకు గాలిలో ఇంటర్నెట్ పంపేవాణ్ణి. నేను మిర్యాలగూడ నుంచి, ఇదే పని చేసే యాదగిరి వేములపల్లిలో తన ఇంటి ముందరి స్తంభం మీది నుంచి. సిగ్నల్ పంపే మా రెండు రేడియోలూ ఒకే ఛానల్‌లో అరిస్తే ఎవరి మాటా ఎవరికీ వినపడదు. అందుకని ఛానళ్లు పంచుకున్నాం. కోదాడ కాలేజీలో ఒక సారు చెప్పిన లెక్కను, నేనే కనిపెట్టినంత డాబుగా అతనికి వివరించాను. ఇద్దరం మాట మీదుంటే ఇద్దరికీ బతుకు. ఒకడు తప్పితే వాడికి పండగ. ఇద్దరమూ తప్పితే ఇద్దరికీ సున్నా.

యాదగిరి నవ్వాడు. "గింత లెక్కెందుకే అన్నా? మేం గొర్లోళ్లం. ఒకని మేపుల ఇంకొకడు మంద తోలడు. గంతే."

కోతల కాలం వచ్చింది. నెట్ నెమ్మదించిందని మా పెద్ద మిల్లు సేటు నేను బిగించిన డిష్ పీకేస్తానన్నాడు. ఆ రోజు నా ఛానల్‌ను వెడల్పు చేసి యాదగిరి ఛానల్ మీదికీ పరిచేశాను. పవర్ పెంచాను. ఈ సీజన్ వరకే అనుకున్నాను. సీజన్ అయిపోయింది. తగ్గించానా? లేదు.

అతని నెట్ పడిపోసాగింది. ఆ లెక్క ప్రకారం అతను నన్ను అనుమానించాలి, తనూ పవర్ పెంచాలి, ఇద్దరమూ మునగాలి. పక్కవాడి మేపులోకి మంద తోలే మనిషి ఉంటాడన్నదే తట్టనివాడి గురించి ఆ సారు ఏమీ చెప్పలేదు. యాదగిరి వైర్లు మార్చాడు, డిష్ మార్చాడు, చివరికి నన్నే పిలిచాడు.

"జర సూడన్నా. నాకు సమజైతలేదు."

డిష్‌కు కొంచెం పక్కగా ముసలి తుమ్మచెట్టు. మధ్యాహ్నం వాళ్ల నాన్న మల్లయ్య గొర్రెలను దాని కిందే నిలిపేవాడు.

"చెట్టు అడ్డమొస్తున్నట్టుంది తమ్మీ," అన్నాను.

జీవితంలో నేను పెంచకుండా చెప్పిన మాట అదొక్కటే. అదీ అబద్ధం. నిజం చెప్పడానికి ఒక్క నిమిషం చాలదా? చాలు. చెట్టు కూలడానికి ఒక పూట పట్టింది. ఆ పూటంతా అక్కడే నిలబడి ఛాయ్ తాగాను.

మల్లయ్య కొడుకును తిట్టలేదు. "ఇగ గొర్లు యాడ నిలవాల్నిరా?" అన్నాడు, అంతే.

సిగ్నల్ రాలేదు. ఎలా వస్తుంది? కొన్నాళ్లకు యాదగిరి దుకాణం మూసి, వాడపల్లి దిక్కు సిమెంటు ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. సూర్యాపేట బస్టాండులో కనబడితే ఇప్పటికీ ముందు తనే పలకరిస్తాడు. "నాకే పని రాకపాయె అన్నా. ఉత్తగ చెట్టు కొట్టిన," అంటాడు. నేను ఆ కాకి కథే మళ్లీ చెప్పి బస్సెక్కుతాను.

వేములపల్లి మీదుగా పోయినప్పుడల్లా చూస్తాను. ఎండ వేళ గొర్రెలు అతని డిష్ స్తంభం నీడలో ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉంటాయి. జానెడు వెడల్పు నీడ. పెంచి చెప్పడం లేదు.

చెట్టు అడ్డం రాలేదు యాదగిరీ. నీకు పని రాక కాదు. నేనే.