నేను పీకిన మంచి పన్ను

మొన్న మా కోడలు, తనూ పళ్ల డాక్టరే, ఒకావిడ ముక్కు పక్క వాపును స్కాన్ బొమ్మలో చూపించి, "అత్తయ్యా, ఇది నీటితిత్తి, పళ్ల జోలికి పోనక్కర్లేదు" అని చిటికెలో తేల్చేసింది. నాకు మాత్రం చెంప ఛెళ్లుమన్నట్టయింది. ఎందుకంటే ఎనభైల చివర్లో, బిలాస్‌పూర్‌లోని తెలిపారా పేటలో కొత్తగా క్లినిక్ పెట్టుకున్న రోజుల్లో, సరిగ్గా అలాంటి వాపుకే నేనొక మంచి పన్ను పీకేశాను, అదీ సొంత మేనత్తది.

మామయ్య రైల్వే గార్డు. అత్తకు ఎడమ ముక్కుపుట కింద వాపు లేచి, ముక్కుపుడక పక్కకు వాలిపోయింది. పుడక కుట్టిన చోటే పొంగిందని క్వార్టర్‌లో అందరూ కలిసి పసుపూ సున్నం పట్టించారు. అది పనిచేయక నా దగ్గరికొస్తే, నేను చీము పట్టిన పన్ను అనుకుని కోరపంటి పక్కదాన్ని లాగేశాను. వేరు తెల్లగా, ఏ మచ్చా లేకుండా వచ్చింది. వాపు ఇసుమంతైనా తగ్గలేదు సరికదా, పై పెదవి కూడా ఉబ్బింది. ఆ పక్కది కూడా తీయించెయ్యమని ఇరుగుపొరుగు అన్నారట, అత్త వచ్చి మళ్లీ కుర్చీలో నోరు తెరుచుకుని కూర్చుంది.

నా చదువు తగలెయ్య అనిపించింది. ఇక ఒక్క పన్ను కూడా పోనివ్వనని పట్టుపట్టాను. ఆ పంటికి ఐసు తాకిస్తే అత్త ఎగిరిపడింది, అంటే పన్ను బతికే ఉంది. ఎక్స్‌రేలో ఎముక చెక్కుచెదరలేదు. ఒక వేలు ముక్కులో, ఇంకో వేలు పెదవి కింద పెట్టి నొక్కితే, వాపు ఒలిచిన ద్రాక్షపండులా మెత్తగా కదిలింది. సూదితో లాగితే చీము కాదు, పల్చటి పసుపు నీరు. పళ్లతో సంబంధమే లేకుండా కండలో పెరిగిన తిత్తి అది! ముక్కు డాక్టరు గారు ఉండనిమ్మన్నా వదల్లేదు, మూడుసార్లు తిరిగి ఒప్పించి, ముఖం మీద గాటు పడకుండా పెదవి లోపలినుంచి కోసి, ఇద్దరం కలిసి తిత్తిని పగలకుండా ఒలిచి తీశాం.

కుట్లు విప్పిన రోజు అత్త చేతులు పట్టుకుని ఏడ్చేశాను. "ఊరుకోవే పిల్లా, పోతే పోనాది ఒక పన్ను. అచ్ఛా, నువ్వు నేర్సుకున్నావు గదేటి, సాలు" అంది. ఆ తర్వాత నది అవతల ఉన్న సర్కండా నుంచి కూడా నాకు మనుషుల్ని పంపేది, మా పిల్ల చెయ్యి మంచిదని చెప్పి మరీ.

ఇప్పటి పిల్లలకు అలాంటి పొరపాటు చేసే అవసరమే లేదు, సంతోషం. కానీ తప్పు చేసిన చేతికే మళ్లీ నోరు అప్పగించే మనుషులు ఇప్పుడెక్కడున్నారు చెప్పండి? ఆవిడ తిట్టి ఉంటే ఎప్పుడో మరిచిపోయేదాన్ని. తిట్టలేదు కాబట్టే, ప్రాక్టీసు మానేసే రోజు దాకా, పటకారు పట్టిన ప్రతిసారీ ఒక్క క్షణం ఆగి, ఇంకోసారి చూశాను.