ఆధారం లేని నాలుగు గళ్ళు

కరోనా లాక్‌డౌన్లు ముగిసిన మరుసటి వేసవిలో నన్ను వార్తల డెస్కు నుంచి ఆదివారం అనుబంధానికి మార్చారు. హోదా పాతదే, సీనియర్ సబ్ ఎడిటర్. కొత్తగా మీద పడిన పని గళ్ళనుడికట్టు, అదే క్రాస్‌వర్డ్, సరిచూడటం.

నుడికట్టు కూర్చేవారు జవాబులను విడిగా కవరులో పెట్టి పంపుతారు. ఆ కవరు అనుబంధం ఇన్‌చార్జి దగ్గర ఉంటుంది. సరిచూసే సబ్ ఎడిటర్ దాన్ని ముట్టుకోకుండా, పాఠకుడిలాగే ఆధారాలు పట్టుకుని గళ్ళు నింపాలి. నిండితే అచ్చుకు పోతుంది, లేకపోతే కూర్చినవారికే తిరిగి వెళుతుంది. మా పేజీలో ఆధారాలు సూటిగా ఉండవు. ప్రతి ఆధారంలోనూ ఒక కొస అర్థం చెబుతుంది, రెండో కొస అక్షరాల కిటుకు చెబుతుంది.

హైదరాబాద్ పాతబస్తీలో, శాలిబండలో ఉండే జయమణి ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయిని. ఆమె పంపిన నుడికట్టు ఆ వేసవిలోనే నా బల్ల మీదికొచ్చింది. మాటలన్నిటినీ కలిపే ఇతివృత్తం ఒకటి ఉందని పైన రాశారు గానీ అదేమిటో చెప్పలేదు. నట్టనడుమ నాలుగు గళ్ళకు ఆధారమే లేదు. వాటిని దాటుకుంటూ దిగే నిలువు మాటలు వస్తే ఆ నాలుగు అక్షరాలూ వాటంతటవే తేలాలి.

మాది తెనాలి. నాకు సగం కూడా నిండలేదు. "బిర్యానీలో వేసేది తిరగబడితే తగాదా తీరుతుంది" అన్న ఆధారానికి రెండే గళ్ళున్నాయి. జీలకర్ర పట్టదు, లవంగం పట్టదు.

ఇన్‌చార్జి నేను నింపిన కాసిని గళ్ళు చూసి, ఇందులో సగం తెలుగే కాదు, ఎవరూ పూరించలేరు, వెనక్కి పంపేయమన్నారు. ఈసారితో జయమణిని కూర్పరుల వరుస నుంచి తప్పిస్తానని కూడా అన్నారు. ఆధారాలు కొంచెం సడలిస్తే ఆయన ఒప్పుకోవచ్చని నేను ఆమెకు ఫోన్ చేశాను.

"ఒక్క గడి గూడ మార్చ, మేడం," అన్నారామె. "నేను పొద్దుందాక మాట్లాడే తెలుగు గిదే. ఏస్తే గిట్లనే ఏయుండ్రి, లేకుంటే వాపస్ చేయుండ్రి."

ఆ గొంతులో బతిమాలడం లేదు. అదే నన్ను కదిలించింది. బయటి పాఠకులు ఎవరైనా పూర్తిగా నింపితే వేస్తారా అని ఇన్‌చార్జిని అడిగాను. నింపితే చూద్దామన్నారు.

వారం వారం తప్పులేని జవాబులు పంపే ఇద్దరు నాకు తెలుసు. ఒకరు నయాపూల్ కోర్టుల దగ్గర ఆఫీసు ఉన్న వకీలు నర్సింగరావు. రెండోవారు పత్తర్‌గట్టిలో మందుల దుకాణం నడిపే జహీదా. ఆదివారం ఉదయం ముగ్గురం నర్సింగరావు ఆఫీసులో కూర్చున్నాం. కోర్టు సెలవు కాబట్టి కింద రోడ్డు మీద హారన్లు కొంచెం తక్కువగా ఉన్నాయి.

బిర్యానీ ఆధారం చదివి, జీలకర్ర పట్టడం లేదని నేను అనగానే జహీదా నవ్వారు. "ఏంది మేడం, జీలకర్ర అంటరా? మా దిక్కు జీరానే అంటం."

జీరా తిరగేస్తే రాజీ. ముడి అక్కడ విడింది. "వరుసలో ముందు నిలబడి, తలుపు తిరిగేదాన్ని పట్టుకుని వాదించేవాడు" అన్న చోట నర్సింగరావు తన పేరు పలక చూపించారు. వరుసలో మొదటి అక్షరం వ, తలుపు తిరిగేది కీలు, కలిపితే వకీలు. ఆ తర్వాత నేనూ ఆ దారి పట్టుకున్నాను. "కిటికీ మొదట్లో బండ పెడితే ఇంట్లో ఉండనిస్తారు" అన్నదానికి కిరాయి నేనే చెప్పాను. ఉర్దూ దారిన తెలుగులోకి వచ్చి ఇక్కడే స్థిరపడిన మాటలే ఆ గళ్ళన్నిట్లో ఉన్నాయి.

మాటా మాటా అనుకోకుండా సాగలేదు. ఒక మాట దగ్గర వాళ్ళిద్దరికీ పెద్ద లొల్లే అయింది. చివరికి మరమ్మతు, నమూనా, గుమాస్తా, నడుముకు కట్టుకునే పటకా నిలువుగా దిగాయి. ఆధారం లేని గళ్ళలో వాటి మ, న, మా, ట పడి అడ్డంగా "మన మాట" అని తేలింది.

 అది చూసి నర్సింగరావు, "ఇగ ఎవడు కాదంటడో అననీ," అన్నారు.

సోమవారం నింపిన గళ్ళు ఇన్‌చార్జి ముందు పెట్టాను. ఆయన కవరు తెరిచి సరిపోల్చారు. ఒక్క అక్షరం తేడా లేదు. అయినా తల అడ్డంగా ఊపారు.

"పూరించారు, బాగానే ఉంది. కానీ ఇవి పరాయి మాటలమ్మా. ఇదే నా జవాబు, ఖరారు చేశాను. దీని మీద ఇక తకరారు వద్దు."

"సార్, జవాబు, ఖరారు, తకరారు," అన్నాను. "ఈ మూడింటినీ మీరు ఏ భాషలో అన్నారు?"

పక్క బల్లల మీద టైపు చప్పుడు ఆగింది. ఆయన ముఖం ఎర్రబడింది. ఆ మాట నెమ్మదిగా అని ఉండాల్సిందని నాకు అప్పుడూ అనిపించలేదు, ఇప్పుడూ అనిపించదు. ఆయన కాగితం మీద సంతకం చేసి నా వైపు తోశారు. అడుగున "ఇందులో అన్యభాషా పదాలున్నవి" అని ఒక గమనిక చేర్చమన్నారు. నేను చేర్చలేదు. నుడికట్టు జయమణి పేరుతో, ఒక్క గడి మారకుండా అచ్చయింది.

ఆ వారం తిట్లు వచ్చాయి, మెచ్చుకోళ్ళూ వచ్చాయి. ఇది ఏ రాష్ట్రపు తెలుగని ఒకాయన నిలదీశారు. సవరణ వేద్దామా అని ఇన్‌చార్జి అడిగితే, సవరించడానికి ఏ గడిలో తప్పుందో చూపించమన్నాను. ఆయన చూపించలేదు, సవరణ పడలేదు. జయమణి ఆ పేజీకి కూరుస్తూనే ఉన్నారు. ఇన్‌చార్జి మాత్రం నా పదవీ విరమణ దాకా నాతో పని మాటలే మాట్లాడారు. నాకు అంతకు మించి అవసరం పడలేదు.

ఆ వ్యవహారం నుంచి నేను నేర్చుకున్నది ఇది. సరిచూసేవారికి రాని మాట తప్పు మాట అయిపోదు. అది ఎవరి నోట బతుకుతోందో వెళ్ళి అడగాలి. ఆధారం న్యాయంగా ఉందా, గళ్ళు సరిగ్గా కలుస్తున్నాయా అని చూసేంతవరకే సబ్ ఎడిటర్ అధికారం. మాటను పట్టుకుని నీ పుట్టిల్లు ఎక్కడని అడిగే అధికారం ఆ కుర్చీకి ఎవరూ ఇవ్వలేదు.